మేకలకు కూలి

దింపు తీసేవాళ్లు కొబ్బరితోట మొదట్లోనే ఆగిపోయారు. “నేల కనబడితేనే ఎక్కుతామండి” అన్నారు. వాళ్ల తప్పేం లేదు. పైనుంచి వేసిన గెల ఏ తుప్పలో పడిందో వెతుక్కోవడం ఒక ఎత్తు, ఆ తుప్పలో అంతకుముందే ఎవరు పడుకుని ఉన్నారో తెలియకపోవడం మరో ఎత్తు.

కోనసీమ తోటల్ని సినిమాల్లో చూసేవాళ్లకి ఆ నీడన చాప పరుచుకోవాలనిపిస్తుంది. రెండు వానాకాలాలు మనిషి అడుగు పెట్టకపోతే చాప సంగతి అటుంచి, కాలు పెట్టే చోటుండదు. అంబాజీపేట దగ్గర మాకున్న ముప్పావు ఎకరం అలాగే తయారైంది. తిప్పతీగ చెట్లకి సగం దాకా పాకింది. ఉత్తరేణి పంచెకి అంటుకుని ఇంటిదాకా వచ్చేది. కూలికి మనిషి దొరకడు. గడ్డిమందు కొట్టించడానికి నాకు మనసొప్పదు.

“మేకల్ని తోలించు మావయ్యా” అన్నాడు కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు, ఫోన్లో. అక్కడ ఎండాకాలం గడ్డి ఎండి కొండలు అంటుకుంటాయి కాబట్టి మందల్ని అద్దెకు తెచ్చి మేపిస్తారట. 2009లో గూగుల్ కంపెనీ మౌంటెన్ వ్యూలోని తన స్థలంలో సుమారు 200 మేకల్ని వారం పాటు మేపించింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం వాళ్లదైతే ఇంకా చోద్యం. పక్కనున్న తడినేలలో బతికే ఓ అరుదైన పాముకీ, ఓ కప్పకీ హాని కలగకుండా తుప్ప తీయించడానికి మేకల్ని పిలుస్తారు. మనకి తుప్ప కొట్టించేదే పాము భయంతో.

మనకి మేక అంటే దొంగ. తోట చుట్టూ కొబ్బరిమట్టల దడి కట్టేది దాని కోసమే. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం, పరాయి చేలో పడ్డ పశువుల్ని బంధించే బందెలదొడ్డికి తోలదగ్గ జంతువుల జాబితాలో ఏనుగు, ఒంటెలతో మొదలుపెట్టి చివర మేకనీ మేకపిల్లనీ కూడా వదల్లేదు. ఆ చట్టం రాసిన దొరకి పసికూన మీద కూడా నమ్మకం లేదు.

ఏటిగట్టు మీద మేకలు మేపుకునే పెద్దాయనని కబురుపెట్టి పిలిపించాను. విషయం చెప్పి, “ఎంతిమ్మంటారు?” అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. మేత ఇస్తున్నందుకు తనే ఎంతివ్వాలో అడుగుతున్నాననుకున్నాడట. నేనే ఇస్తానని అర్థమయ్యాక నవ్వాపుకోలేకపోయాడు. “ఇదేం చోద్యమండి బాబూ! మా మేక మీ తోటలో దూరిందని మీ తాతగారు మా అయ్యని బందెలదొడ్డి దాకా నడిపించారండి. ఆయ్!”

ఉదయం ఎనిమిదింటికే రమ్మన్నాను. కుదరదన్నాడు. మంచు ఆరాలి, తడి ఆకు తింటే కడుపు ఉబ్బుతుంది. చినుకు పడితే పని బంద్, మేకలన్నీ మా అరుగెక్కేస్తాయి, ముందే చెబుతున్నానన్నాడు. చిన్న కొబ్బరిమొక్కలకి నన్నే కంప కట్టించమన్నాడు. మొవ్వ కొరికితే మొక్క ఇక లేవదు. కోకో, అరటి ఉన్న తోటలకైతే తన మందని తోలనే తోలడట. మా తోటలో ఆ రెండూ లేకపోవడం నా బద్ధకం పుణ్యమే.

మేకలు దిగిన రోజున నేను పేపరు కూడా చదవలేదు. ఆవు తల దించుకుని మేస్తుంది, మేక చూపు ఎప్పుడూ పైకే. వెనక కాళ్ల మీద నిలబడి, ముందుకాళ్లు చెట్టుకి ఆనించి, తిప్పతీగని కిందికి లాగుతుంది. పైదవడకి ముందు పళ్లే లేవు. ఆ లోటంతా పైపెదవి తీరుస్తుంది, ముల్లుకీ ముల్లుకీ మధ్య ఉన్న ఆకుని వేళ్లతో గిల్లినట్టు గిల్లుకుంటుంది.

మేక అన్నీ తింటుందన్నది వట్టి నింద. ఇంతలా ఏరుకుతినే అతిథిని నేను ఏ పెళ్లి పంక్తిలోనూ చూడలేదు. బోదెలోని చేమని వాసన చూసి వదిలేశాయి. గట్టు మీది వయ్యారిభామ దగ్గరికే పోలేదు. అడ్డసరాన్ని తప్పుకుని నడిచాయి. దాన్ని తమిళులు ఆడుతొడా అంటారు, మేక ముట్టనిది అని. లిన్నేయస్ ఆ మాటనే దాని లాటిన్ పేరులో కలిపేశాడు. అంటే ఓ శాస్త్రీయ నామంలో మేక అభిప్రాయం కూడా చేరిందన్నమాట.

వదిలేసినవాటిని చూపించి ఫిర్యాదు చేశాను. “మేక కొడవలి కాదు కదండీ, మీరు చూపించింది కొయ్యడానికి” అన్నాడు పెద్దాయన. ఆకు పోయింది గాని వేరు పోలేదు. నెల తిరక్కుండా చిగురేస్తే మళ్లీ తోలాలి, అలా రెండుమూడుసార్లు చిగురు తినేస్తేనే వేరు నీరసిస్తుంది. మిగిలిన మోళ్లు నరకడానికి ఎలాగూ కత్తి పట్టక తప్పలేదు. మధ్యలో పెరట్లో మా ఆవిడ మందారం ఒకటి మాయమైంది. దాని గురించి ఇంట్లో ఇంకా విచారణ నడుస్తోంది.

అయిదో రోజుకి నేల కనబడింది. ఎప్పుడో రాలి మొలకెత్తిన కాయలు పద్నాలుగు, నేనే పారేసుకున్న కొడవలి ఒకటి బయటపడ్డాయి. దింపువాళ్లు మాట్లాడకుండా చెట్లెక్కారు.

డబ్బు లెక్కపెట్టి చేతిలో పెడుతూ, ఆ బందెలదొడ్డి ఎక్కడుండేదని అడిగాను. చెరువు వెనక అని చేత్తో చూపించాడు. ఇప్పుడేముంది అక్కడ అన్నాను.

“తుప్పలండి” అన్నాడు.