కొలతలో తేడా

కనెటికట్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో ఒకసారి మా ప్రొఫెసర్ సన్నటి ప్లాస్టిక్ స్కేలును బల్ల మీద నిలబెట్టి, పై అంచును అరచేత్తో నొక్కమన్నారు. నొక్కాను. స్కేలు నిటారుగానే ఉంది. ఇంకాస్త బలం పెట్టానో లేదో, నడుమ దగ్గర పక్కకు ఉబ్బి చేతిలోంచి జారిపోయింది. బక్లింగ్ అంటే ఇదేనన్నారు. గణితవేత్త ఆయిలర్ 1744లోనే కట్టిన లెక్క ప్రకారం, మధ్యలో కదలకుండా ఆధారమిస్తే అదే స్కేలు నాలుగింతలు మోస్తుంది.

నాకు తెలిసిన బకిల్ బెల్టుది. బిగించి కాపాడేదానికీ, బరువుకు లొంగిపోవడానికీ ఒకే మాటేమిటి? ఆ సందేహం చాలాకాలం వదల్లేదు. లాటిన్‌లో బుక్కా అంటే బుగ్గ (మన మాటలా వినిపించడం కాకతాళీయమే). శిరస్త్రాణాన్ని చెంప దగ్గర బిగించే పట్టీకి ఆ మాట నుంచే పేరొచ్చింది; బెల్టు బకిల్ దాని నుంచి పుట్టిందే. ఫ్రెంచిలో అదే మాట ఉబ్బడమనే క్రియ కూడా అయింది. ఉబ్బి లొంగిపోవడమనే అర్థం ఇంగ్లిష్‌కు అటునుంచి వచ్చింది.

వంగేది కూలబోతున్నట్టు ముందే చెబుతుంది, బకిల్ అయ్యేది చెప్పదు అని క్లాసులో చదువుకున్నాం. కనెటికట్‌లోనే ఉన్న హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ సంగతి తెలిశాక ఆ మాట మీద అనుమానమొచ్చింది. 300 అడుగుల వెడల్పు, 360 అడుగుల పొడవున్న దాని ఉక్కు కప్పు 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు కూలింది. ముందురోజు రాత్రి బాస్కెట్‌బాల్ ఆట చూసిన సుమారు 5 వేల మంది అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. పై వరుస కడ్డీలకు మధ్యలో ఆధారం ఉందని లెక్కలో రాసుకున్నారు. కట్టడంలో అది చాలినంత లేదు.

అంతకు అయిదేళ్ల ముందు, కప్పును పైకెత్తినప్పుడే, లెక్కకు రెట్టింపు కుంగింది. అంచు ప్యానెళ్లు బిగించేవాళ్లకు అవి సరిగా కూర్చోలేదు. కొన్నింటి ఆధారాలను కోసి సర్దారు. ఇలాంటి తేడాలు మామూలేనన్నారు ఇంజినీర్లు. అప్పట్లో కొత్తగా వచ్చిన కంప్యూటర్ లెక్కను పక్కనపెట్టి, ప్యానెల్ బిగించేవాడి మాట నేనైతే వినేవాణ్నా? ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా ధైర్యంగా అవునని చెప్పలేకపోతున్నాను. మనలో ఎందరం చెప్పగలం?

కప్పు చెప్పలేదనడం మాత్రం నాకు న్యాయంగా తోచదు. చెప్పింది, అయిదేళ్లపాటు చెప్పింది. ఇంజినీరింగ్ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు నా విన్నపం ఒకటే. సైటులో ఎవరైనా “సార్, ఇది సరిగా కూర్చోవట్లేదు” అంటే, సుత్తి తీసుకోమనే ముందు మీరు వెళ్లి కొలిచి చూడండి.