ధౌలా కువాన్‌లో ఒక గేటు కథ

ఢిల్లీ ధౌలా కువాన్‌లో ఎయిర్‌పోర్టు మెట్రో దిగి, కిలోమీటరు పైచిలుకు పొడవున్న వంతెన దాటితే పింక్ లైన్ స్టేషన్ వస్తుంది. బోర్డు మీద పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. మన రాజమండ్రి ఆడపడుచు. అక్కడికి దగ్గర్లోనే శ్రీ వెంకటేశ్వర కాలేజీ, 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టింది. పిల్లల నోట్లో అది ‘వెంకీ’.

అక్కడ చదివే తెలుగు పిల్లలు కొందరు కథలు రాస్తున్నాం, వచ్చి వినమన్నారు. క్యాంటీన్ టీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఒకబ్బాయి చదివాడు. మొదటి రెండు పేజీలూ హీరోగారి ఊరు, వాళ్ల తాతగారు, ఆ యేటి వానలు. ఢిల్లీ రైలు మూడో పేజీలో గాని కదల్లేదు.

“ఆ రెండూ తీసెయ్ బాబూ,” అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. “అవి లేకపోతే వాడెవడో ఎలా తెలుస్తుంది సార్?”

1910లో గురజాడ ‘దిద్దుబాటు’ రాస్తూ గోపాలరావును అర్ధరాత్రి దాటాక తన ఇంటి తలుపు ముందు నిలబెట్టాడు. ఆ వేళప్పుడు ఇంటికి చేరే మగవాడి గురించి మనకు వేరే పరిచయం కావాలా?

మాట స్టేషన్ పేరు మీదికి మళ్లింది. ఆవిడ రాజ్యాంగ సభ సభ్యురాలని ఒకమ్మాయికి తెలుసు. కాకినాడ సంగతి ఎవరికీ తెలీదు. 1923 కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీరు. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు మండిపడి, టికెట్ కొనిచ్చాకే ఆయన్ని లోపలికి పోనిచ్చింది. నెహ్రూ ఆ పిల్లను మెచ్చుకున్నాడు.

“ఇప్పుడు మీరు చెప్పండి,” అన్నాను.

అందరూ నెహ్రూతోనే మొదలెట్టారు. ఆయన కీర్తి, ఆయన రాక, ఆపైన పిల్ల ధైర్యం. ధైర్యం అనే మాట పడగానే కథ చల్లారిపోయింది, వినేవాడికి ఇక చేయాల్సిన పనేం మిగల్లేదు. టికెట్ లేనివాళ్లను రానివ్వకూడదన్న ఆజ్ఞ ముందు పడాలి. మామూలు జనాన్ని ఒకరిద్దర్ని ఆ పిల్ల వెనక్కి పంపాలి. అప్పుడు గదా ఆయన వస్తే మనకు గుండె దడ! గాంధీ, స్వరాజ్యం అంటూ ఉపన్యాసం దంచే చోటూ ఇదే. కొత్త రచయితలు ఇక్కడే జారతారు. పాతవాళ్లూ జారతారనుకోండి, మనకు సన్మానాలు జరిగిపోతాయి గనక తెలీదు.

ఇందాక మొహం మాడ్చుకున్న అబ్బాయి, పరుగున వెళ్లి టికెట్ కొన్న మనిషి చేత చెప్పిస్తానన్నాడు. వాడు నిర్వాహకుల్లో ఒకడు. పరువు పోయిందని ఒళ్లు మండుతోంది, పెద్దాయన ముందు నవ్వక తప్పదు. నెహ్రూ ఆ పిల్లను మెచ్చుకోగానే ఇంతసేపూ తిట్టిన నోటితోనే తానూ మెచ్చుకోవాలి. నాకు ఇది నచ్చింది.

ఆ అమ్మాయికి నచ్చలేదు. “మళ్లీ మగాడి కథే అయింది గదా సార్!” అంది. తను ఆ పిల్ల వెనక్కి పంపేసిన ముసలమ్మతో చెప్పిస్తుందట. “నీ ముసలమ్మ గేటు బయటుంటే లోపలి సంగతి ఎలా తెలుస్తుంది?” అని వాడు పట్టుకున్నాడు. తెలియక్కర్లేదని ఈమె. టీలు మళ్లీ చెప్పాం.