పదహారడుగుల ఇంట్లో పన్నెండుగురు!

పద్నాలుగడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు. మన ఇళ్లలో ఓ పడగ్గదంత. దుంగలు పేర్చి కట్టిన ఆ ఇంట్లోనే అమ్మా నాన్నా పదిమంది పిల్లలూ కాపురమున్నారు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, గేజ్ కౌంటీలో 1867లో జార్జ్ పామర్ కట్టుకున్న ఇల్లది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1950లో ఆ ఇంటిని అక్కడి హోమ్‌స్టెడ్ జాతీయ పార్కుకు తరలించి భద్రంగా కాపాడుతున్నారు.

పట్టా కావాలంటే...

1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఓ చట్టంమీద సంతకం చేశారు. దాని ప్రకారం 18 డాలర్ల రుసుముతో 160 ఎకరాలు తీసుకోవచ్చు. కానీ అయిదేళ్లు అక్కడే ఇల్లు కట్టుకుని ఉండి, సాగుచేస్తేనే పట్టా చేతికొస్తుంది. పెళ్లికాని మహిళలూ వితంతువులూ కూడా అర్హులే. చట్టం అమల్లోకొచ్చిన 1863 జనవరి 1న, అర్ధరాత్రి దాటగానే భూముల ఆఫీసు తెరిపించి మరీ దరఖాస్తు పెట్టాడట డేనియల్ ఫ్రీమన్ అనే సైనికుడు. ఇప్పుడు పార్కు ఉన్నది ఆయన పొలంలోనే. భార్య ఆగ్నెస్‌తోపాటు ఆయన సమాధీ అక్కడే ఉంది.

అప్పట్లో ఆ ప్రాంతమంతా గడ్డి మైదానం. వాగుల పక్కన చెట్లున్నవారు దుంగలతో ఇళ్లు కట్టుకున్నారు. చెట్లు లేనిచోట గడ్డివేళ్లతో సహా మట్టిపెళ్లలు కోసి, ఇటుకల్లా పేర్చి గోడలు లేపారు. కాస్త కుదురుకోగానే బడి కట్టుకున్నారు. 1872లో ఇటుకలతో కట్టిన ఆ ఒంటిగది బడిలో 1967 వరకూ పాఠాలు నడిచాయి. అదీ పార్కులో భాగమే.

ఆ నేల ఎవరిది?

ఈ చట్టం కింద దేశవ్యాప్తంగా 16 లక్షల మందికి 27 కోట్ల ఎకరాలు దక్కాయి. అది ఖాళీ నేల మాత్రం కాదు. గేజ్ కౌంటీ ప్రాంతం ఓటో-మిజోరియా తెగది. 1854 ఒప్పందంతో వారికి బిగ్ బ్లూ నది ఒడ్డున కొద్దిపాటి భూమి మిగిలింది. 1881లో దాన్నీ వదిలి ఇప్పటి ఓక్లహోమాకు తరలిపోవాల్సి వచ్చింది. ఒకరికి పట్టా అందిన చోటే మరొకరి ఊరు చెదిరిపోయిందన్నమాట. అందుకే పార్కులోని ప్రదర్శనశాల రైతుల కథతోపాటు ఆదివాసుల కథనూ చెబుతుంది.

నాగలి ఆకారంలో కట్టిన ఆ భవనం ముందున్న పార్కింగ్ స్థలం సరిగ్గా ఎకరం. ఎకరమంటే ఎంతో పిల్లలకు తెలియడానికట! 1939 నుంచీ ఇక్కడ పాత గడ్డి మైదానాన్ని మళ్లీ పెంచుతున్నారు. వేసవి చివరికి ఆ గడ్డి మనిషెత్తు దాటుతుంది. పామర్ ఇల్లు చూసి ఆ గడ్డి మధ్య నడిస్తే, ఆ పన్నెండుగురూ అక్కడెలా నెగ్గుకొచ్చారో కొంతైనా అర్థమవుతుంది.

ఎలా వెళ్లాలి?: రాష్ట్ర రాజధాని లింకన్ నుంచి దక్షిణంగా సుమారు 65 కిలోమీటర్లు వెళ్తే బియాట్రిస్ పట్టణం వస్తుంది. పార్కు దానికి దగ్గర్లోనే. ప్రవేశ రుసుము లేదు.