టర్బో పెద్దదైతే లారీ లాగుతుందా?

కంది, మిరప, బోరు మోటార్ల గురించి రాసే చోట ఇవాళ లారీ టర్బో గురించి రాస్తున్నా. మనం పండించిన గింజ మార్కెట్టుకు పోయేది లారీ మీదే కాబట్టి ఇది మనకు పట్టని సంగతేం కాదు.

మా మేనల్లుడు ఇంట్లో బంగారం కుదవబెట్టి ఒక పాత లారీ కొన్నాడు. ఆరు సిలిండర్ల ఇంజను, మెకానికల్ పంపు, టర్బో, ఇంటర్‌కూలర్ ఉన్న బండి. నంద్యాల నుంచి గిద్దలూరుకు బియ్యం బస్తాలు తోలుతున్నాడు. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. నల్లమల ఘాట్ తగిలిందంటే చాలు, వెనకాల నల్లటి మబ్బు, ముందుకు లాగదు, టెంపరేచర్ ముల్లు పైకి. ఒక మెకానిక్కు చూసి "టర్బో చాల్లేదు, ఇంకా పెద్దది వేద్దాం, నలభై వేలు" అన్నాడంట. మావాడు ఫైనాన్సులో అప్పుకు సిద్ధపడి నా దగ్గరికొచ్చాడు. "మామా, నువ్వు పూచీ సంతకం పెడితే రేపే ఇస్తామన్నారు" అని.

సంతకం సంగతి తర్వాత, ముందు రెండు మీటర్లు కొనుక్కురమ్మన్నా. పెళ్లికి ముందు నాలుగేళ్లు డీజిల్ పంపుల షాపులో పనిచేశా. పొగ చూసి టర్బో సైజు చెప్పేవాళ్లంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు.

టర్బో పని చాలామందికి తెలిసిందే. పొగగొట్టంలోకి పోయే వేడి గాలి ఒక ఫ్యానును తిప్పుతుంది, అదే ఇరుసుకు రెండో చివరనున్న ఫ్యాను బయటి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. గాలి ఎంత కావాలో ఒక లెక్క చెప్తా. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గది నిండా ఉండే గాలి సుమారు 33 కేజీలు. పొగ రాకుండా కాలాలంటే అంత గాలి రెండు లీటర్ల డీజిల్‌కు సరి. గాలి పెంచకుండా డీజిల్ పెంచితే మిగిలేది మసీ, వేడీ.

ఇక సైజు. దాదాపు 6 లీటర్ల ఇంజను టర్బో సాయం లేకుండా 1,400 చుట్లలో నిమిషానికి పీల్చగలిగేది 4,200 లీటర్లు, 2,000 చుట్లలో 6,000. లోపలికి పోయేది తక్కువైతే పొగగొట్టంలోకి వచ్చేదీ తక్కువే. ఆ తక్కువ గాలితోనే ఫ్యాను తిరగాలి. మడికి నీళ్లు పెట్టే పైపు మూతి బొటనవేలితో సగం మూస్తే నీళ్లు దూరం చిమ్ముతాయి కదా, అట్లాగే ఫ్యాను చుట్టూ ఉండే నత్తగుల్లలాంటి హౌసింగ్ దారి ఇరుగ్గా ఉంటే తక్కువ గాలి కూడా జోరుగా తగిలి ఫ్యాను తొందరగా అందుకుంటుంది. కానీ వేలు నొక్కేకొద్దీ మోటారు మీద భారం పడుతుంది. ఇంజను చుట్లు పెరిగాక ఆ ఇరుకు దారిలో పొగ బయటికి పోలేక వెనక్కి తంతుంది. దాన్నే బ్యాక్ ప్రెషర్ అంటారు. దారి వెడల్పు చేస్తే పైచుట్లలో సుఖం, కింది చుట్లలో ఫ్యాను నిద్ర. ఇలాంటి మామూలు టర్బోలో రెండూ దొరకవు. కాబట్టి అడగాల్సింది పెద్దదా చిన్నదా అని కాదు, బండి ఏ చుట్లలో ఎక్కువసేపు కష్టపడుతుందని. ఘాట్లో లోడు బండి నలిగేది 1,300 నుంచి 1,600 మధ్య.

మీటర్లు పెట్టడం కష్టం కాదు గానీ ఒక జాగ్రత్త ఉంది. బూస్ట్ మీటరుకు ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి పంపు మీది డయాఫ్రం డబ్బాకు పోయే సన్న గొట్టంలో టీ వేస్తే సరిపోయింది. బ్యాక్ ప్రెషర్ మీటరుకు టర్బో ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కే రంధ్రం వేసి మర కొట్టాలి. మానిఫోల్డ్ విప్పి కింద పెట్టి వేయించా. బండి మీదనే డ్రిల్లు పెడితే ఇనుప రజను పోయి టర్బో ఫ్యానుకు తగులుతుంది, లేతు కుర్రాడు బద్ధకించినా నేను ఒప్పుకోలేదు. అక్కణ్ణుంచి నాలుగడుగుల రాగి గొట్టం చుట్టలు చుట్టి, ఆ తర్వాతే రబ్బరు గొట్టం, మీటరు. లేకపోతే ఆ వేడికి మీటరు కాలిపోతుంది. అన్నీ కలిపి మూడు వేల లోపు అయింది.

లోడుతోనే ఘాట్ ఎక్కించాం. నేను క్లీనరు సీట్లో కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నా. ఖాళీ బండి మీద, నిలబెట్టి రైజ్ చేసి చూసే రీడింగుకు విలువ లేదు, టర్బో లోడు మీదనే పలుకుతుంది. పెడల్ పూర్తిగా తొక్కి 1,400 చుట్ల దగ్గర బూస్ట్ 0.35 కేజీ, బ్యాక్ ప్రెషర్ కూడా అంతే. కింద చదును మీద 2,000 దగ్గర బూస్ట్ 1.4, బ్యాక్ ప్రెషర్ 1.3.

ఆ నాలుగు అంకెల్లోనే విషయమంతా ఉంది. టర్బో చిన్నదైతే 2,000 దగ్గర బ్యాక్ ప్రెషర్ బూస్ట్‌ను దాటి ఎక్కడికో పోవాలి. ఇక్కడ బూస్టే ఎక్కువ ఉంది. కింది చుట్లలో రెండూ లేవంటే, పొగ ఫ్యానుకు గట్టిగా తగలకుండానే తీరిగ్గా దాటిపోతోంది. ఇంటర్‌కూలర్ పైపుల్లో లీకేమోనని గాలి పట్టి సబ్బునీళ్లు కొట్టి చూశాం, బుడగ రాలేదు. మానిఫోల్డ్ గ్యాస్కెట్ల దగ్గర మసి చారలూ లేవు. అప్పుడు టర్బో మీది ప్లేటు గుడ్డతో తుడిచి నంబరు రాసుకుని స్పేర్ పార్టుల షాపులో అడిగితే, అది ఇంకా పెద్ద ఇంజనుకు వచ్చేదని తేలింది. పాత ఓనరు హయాంలోనే ఎవరో మార్చారు. కింది చుట్లలో లాగకపోయేసరికి బూస్ట్ రాకముందే డీజిల్ పోసేలా డయాఫ్రం డబ్బా స్క్రూ తిప్పేశారు. నల్ల మబ్బుకు మూలం అది.

దీని మీద ఇంకా పెద్ద టర్బో వేసుంటే ఏమయ్యేది? పొగ ఇంకా పెరిగేది, దాన్ని లాగించడానికి మళ్లీ స్క్రూ తిప్పేవాళ్లు. పిస్టను అల్యూమినియంది, అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సిలిండర్లో మంట దానికి మూడింతల పైమాటే. ఆయిలూ గాలీ చల్లబరుస్తుంటేనే అది నిలబడేది. నలభై వేల అప్పు మీద ఇంజను ఖర్చు వచ్చి పడుంటే మా చెల్లెలి గొలుసు ఇక బ్యాంకులోనే ఉండిపోయేది.

ఆ ఇంజనుకు కంపెనీ ఇచ్చే నంబరు టర్బోనే, బాగుచేసినది, 18 వేలకు తెచ్చాం. పంపు విప్పించి బెంచి మీద సెట్ చేయించి సీలు వేయించా. అదే లోడు, అదే మలుపులు. 1,400 దగ్గర బూస్ట్ 1.0, బ్యాక్ ప్రెషర్ 1.1. పైన 2,000 దగ్గర 1.5కు 2.0. బ్యాక్ ప్రెషర్ బూస్ట్‌కు ఒకటింబావు, ఒకటిన్నర రెట్ల దాకా ఉంటే పనిచేసే లారీకి నేను సరేనంటా. రెండు రెట్లకు పోతే పొగకు దారి లేదని అర్థం. మైలేజీ ఎంత పెరిగిందని అడుగుతారేమో, నాలుగు ట్రిప్పుల లెక్క లెక్క కాదు, ఇప్పుడే చెప్పను.

మీటర్లు తీసేయొద్దన్నా. రేపు బూస్ట్ తగ్గి బ్యాక్ ప్రెషర్ తగ్గకపోతే ముందు ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పులు చూసుకోవాలి, ఫ్యాను కష్టపడుతోంది, గాలి దారిలో పోతోంది. రెండూ తగ్గి పొగ కూడా లేకపోతే డీజిల్ ఫిల్టరు వైపు చూడాలి. బ్యాక్ ప్రెషర్ ఒక్కటే పెరిగితే సైలెన్సరు మూసుకుపోయిందా, ఎగ్జాస్ట్ బ్రేకు రెక్క సగంలో ఇరుక్కుందా అని చూడాలి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లున్నవాళ్లు మాత్రం ఇట్లా రంధ్రాలు వేయొద్దు. వాటికి బూస్ట్ సెన్సరు ఉంటుంది, పొగగొట్టంలో మసి ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెషర్ తేడా చూసే సెన్సరూ ఉంటుంది. స్కానరు పెట్టించి, నిలబెట్టి కాదు, లోడు మీద నడుస్తుండగా రీడింగు చూడమని అడగండి.

విప్పిన పెద్ద టర్బో మా గొడ్ల సావిట్లో ఉంది, బేరింగు ఆట లేదు, మంచి సరుకే. కొనడానికి మొన్న ఒకాయన వచ్చాడు. మీ బండి ఏ ఇంజనో ప్లేటు ఫోటో తెమ్మన్నా, ఇంకా రాలేదు.