ఆ ఎర్రమచ్చను ఒకసారి నొక్కి చూడండి

ఆరేళ్ళ క్రితం మా అమ్మ గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. నేను రోజూ సాయంత్రం ఆస్పత్రి నుంచి రాగానే బి.పి. చూసేవాణ్ణి, కుట్లు చూసేవాణ్ణి. వీపు మాత్రం తిప్పి చూడలేదు. పదోరోజున నా భార్య ఒళ్ళు తుడుస్తూ, "ఏమండీ, అత్తయ్యగారికి నడుం దిగువన ఎర్రగా కమిలిందండీ" అంది. దుప్పటి మడత ఒత్తుకుని ఉంటుందిలే అన్నాను. అన్నది డాక్టరు కనుక ఆమె నమ్మింది! నాలుగు రోజులకు అక్కడ తోలు ఊడింది.

దీన్నే పడకపుండు అంటాం. మనం నిద్రలో కూడా మనకు తెలియకుండానే ఒత్తిగిలుతూ ఉంటాం. ఒత్తిగిలలేని మనిషికి ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చుబడుతుంది. నడుం దిగువ, తుంటి, మడమలు, చీలమండలు దీనికి స్థానాలు.

చర్మం చిట్లకముందే మొదటి దశ మొదలవుతుంది. ఎర్రమచ్చను వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నదన్నమాట. నొక్కినా రంగు మారకపోతే పుండుకు నాంది పడినట్లే. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు. అటువంటివారికి చేతితో తడిమి చూడాలి. పక్క చర్మం కంటే వెచ్చగానో, గట్టిగానో, మెత్తగానో ఉంటే అనుమానించాలి. రెండో దశలో పైతోలు లేచిపోతుంది, లేదా నీటిబొబ్బ వస్తుంది. మూడోదానిలో చర్మం మందమంతా పోయి లోపలి కొవ్వు కనబడుతుంది. నాలుగోదానిలో కండ, ఎముక కూడా బయటపడతాయి. పైన నల్లటి పెచ్చు కప్పి ఉంటే లోతు ఎంతో మాకే తెలియదు. మీరు దాన్ని ఊడబెరకవద్దు. ఇవి వరసగానే రావాలని లేదు. పైకి ఊదారంగు మచ్చగా ఉండి లోపల బాగా పాడైనవీ ఉంటాయి.

మా అమ్మది మూడో దశ దాకా పోయి, మానడానికి నాలుగు నెలలు పట్టింది. మంట పుట్టలేదా అని అడిగితే, "పగలంతా రోగులతో వేగి వస్తావు, మళ్ళీ నేనెందుకని ఊరుకున్నానురా" అంది.

మేము హౌస్‌సర్జన్లుగా ఉన్న రోజుల్లో స్పిరిట్ రాసి రుద్దేవారు. ఇప్పుడు ఎర్రబడిన చోట రుద్దవద్దంటున్నాం. లోపల నలిగిన కణజాలం ఇంకా దెబ్బతింటుంది. నడుం కింద రింగు దిండు కూడా వద్దు. సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. పూర్తిగా తుంటిమీద పడుకోబెట్టకుండా వీపు వెనుక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచండి. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు ఆనవు. గాలి పరుపు మంచిదే కాని, కొన్నాం కదా అని తిప్పడం మానకండి. మలమూత్రాలతో తడిసిన గుడ్డ వెంటనే మార్చాలి. పప్పు, గుడ్డు, పాలు తగ్గించవద్దు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగండి. తోలు ఊడినా చూపించండి. చీము, దుర్వాసన, జ్వరం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

మా ఇంట్లో పాత క్యాలెండరు కాగితం వెనుక "ఎడమ, వెల్లకిలా, కుడి" అని గంటలు వేసి నా భార్య గోడకు అంటించింది. రాత్రి రెండింటి వంతు నాది.