మొదటి సూట్‌కేసు

మార్చి 2, 2025, ఆదివారం. ఎడిసన్, న్యూజెర్సీ

తెలుగు బడిలో ఇవాళ బోర్డు మీద ‘వలస’ అని రాశాను. “పక్షులు, టీచర్!” అని ముగ్గురు ఒక్కసారే అరిచారు. కొల్లేటికి వచ్చే పక్షుల పాఠం కిందటి నెలే అయింది మరి. మనుషులు కూడా వలస వెళతారా అని అడిగితే, ఒక పిల్లాడు వాళ్ల తాత పాలమూరు నుంచి కూలిపనికి బొంబాయి వెళ్లిన సంగతి చెప్పాడు. మరి మీ అమ్మానాన్నలో? “వాళ్లది వలస కాదు, జాబ్‌కి వచ్చారు.” పదకొండుమందీ అదే మాట.

ఈ పిల్లలకి తమ ఇంటి కథే తెలియదు. తెలియనివ్వనిది మేమే. కష్టం వాళ్ల చెవిన పడకూడదని అన్నీ గెలిచినట్టే చెబుతూ వచ్చాం.

మార్చి 9, ఆదివారం

అమ్మానాన్నల మొదటి సూట్‌కేసులో వచ్చిన వస్తువు ఏదైనా ఒకటి తెమ్మన్నాను. మూడు లీటర్ల కుక్కరు, ఇడ్లీ రేకులు, అంచులు చిరిగిన డిక్షనరీ వచ్చాయి. ఒక పిల్ల గీకేసిన ఫోన్ కార్డు తెచ్చింది. దానితో ఏం చేస్తారో ఎవరికీ అంతు పట్టలేదు. నంబరు గీకి, వరసగా అంకెలు కొట్టి, లైను కలిశాక ఎన్ని నిమిషాలు మిగిలాయో చూసుకుంటూ అమ్మతో మాట్లాడటం ఎలా ఉంటుందో చెప్పాను. “నిమిషాలు అయిపోతే?” అంది. మాట మధ్యలోనే తెగిపోయేదమ్మా అన్నాను. ఆ పిల్ల కార్డుని జాగ్రత్తగా మళ్లీ కవర్లో పెట్టుకుంది.

“మరి మీరేం తెచ్చారు, టీచర్?”

మర్చిపోయానన్నాను. అది నిజం కాదు.

మార్చి 13, గురువారం

మందుల షాపులో ఒక పెద్దావిడ, పక్కన తొమ్మిదేళ్ల మనవడు. కౌంటరు దగ్గర అమ్మాయి ఇంగ్లీషులో అడగడం, వాడు తెలుగులో చెప్పడం, మళ్లీ ఇటు నుంచి అటు. ‘పరగడుపున’ అన్న మాట దగ్గర వాడు ఆగిపోయాడు. నానమ్మ ముఖంలోకి చూసి, పొట్ట పట్టుకుని చూపించాడు. కౌంటర్లో అమ్మాయికి అర్థమైంది.

మార్చి 16, ఆదివారం

వచ్చే శనివారం ఎల్లిస్ ద్వీపానికి వెళ్తున్నాం. ఒకప్పుడు ఓడల్లో అమెరికాకి వలస వచ్చినవాళ్లని అక్కడే దించేవారు. డాక్టర్లు ఒక్కొక్కరినీ చూసి, అనుమానం వస్తే కోటు మీద సుద్దతో అక్షరం వేసేవారు. కళ్లకి ‘ఇ’, గుండెకి ‘హెచ్’, కుంటితనానికి ‘ఎల్’. పిల్లల చొక్కాల మీద సుద్దతో అలాగే వేసి ఆట ఆడిద్దామనుకున్నాను. తర్వాత మానేశాను. ఈ గదిలోనే ఒక పిల్ల నానమ్మకి రెండుసార్లు వీసా ఇవ్వలేదు. ఇంకొకడి నాన్న వీసా స్టాంపింగ్‌కి వెళ్లి నాలుగు నెలలు ఇండియాలోనే ఉండిపోయాడు. ఇళ్లలో ఉన్న భయాన్ని మళ్లీ ఆటగా ఆడించనక్కర్లేదు. ఆ భయం పడినవాళ్లని అడిగి తెలుసుకుంటే చాలు.

మార్చి 22, శనివారం

లిబర్టీ స్టేట్ పార్కు నుంచి పడవ ఎక్కాం. చలిగాలి. 1892 జనవరి 1న ఇక్కడ మొదట పేరు రాయించుకున్నది యానీ మూర్, ఐర్లండ్ పిల్ల. వయసు పదిహేడు, వెంట ఇద్దరు తమ్ముళ్లు. 1954లో మూసేదాకా కోటీ ఇరవై లక్షల మంది ఈ దారినే వెళ్లారు. మొదటి, రెండో తరగతి టికెట్టు ఉన్నవాళ్లని ఓడలోనే చూసి పంపేసేవారనీ, ఓడ అడుగున వచ్చినవాళ్లనే ఇక్కడికి తెచ్చేవారనీ చెబితే పిల్లలకి కోపం వచ్చింది.

పెద్ద హాలులో నిలబడి, నూటికి ఇద్దరిని వెనక్కి పంపేవారని చెప్పాను. “ఆ ఇద్దరూ ఎక్కడికి వెళ్లారు?” అంది అందరికన్నా చిన్నది. తెచ్చిన ఓడ కంపెనీయే వెనక్కి తీసుకెళ్లాలని నియమం. అక్కడ ఇల్లూ పొలమూ అమ్ముకుని వచ్చినవాళ్లయితే, ఏ ఇంటికి వెళ్లి ఉంటారు? దానికి నా దగ్గర జవాబు లేదు.

లా గార్డియా ఎయిర్‌పోర్టు పేరు అందరికీ తెలుసు. ఆ పేరుగల మనిషి న్యూయార్క్ మేయరు కాకముందు, 1907 నుంచి 1910 దాకా ఇదే హాలులో దుబాసీగా పనిచేశాడని చెప్పి, మందుల షాపు పిల్లాడి సంగతి కూడా చెప్పాను. “నేనూ మా అమ్మమ్మకి చేస్తాను” అని నాలుగు చేతులు లేచాయి.

ఇక్కడ అధికారులు పేర్లు మార్చేసేవారట కదా అని ఒకడు అడిగాడు. లేదు, ఓడ బయల్దేరిన రేవులో రాసిన జాబితా చూసే ఇక్కడ పిలిచేవారు, చాలామంది తర్వాత తామే మార్చుకున్నారు అన్నాను. వాడు కాసేపాగి, “నాదీ నేనే మార్చుకున్నా” అన్నాడు. నాలుగక్షరాల పేరు వాడిది. స్కూల్లో ఒక్క అక్షరమే మిగిలింది.

మార్చి 23, ఆదివారం

యల్లాప్రగడ సుబ్బారావు గారి పాఠం. భీమవరంలో పుట్టి, 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశాడు. తర్వాత మాకు దగ్గర్లోనే ఉన్న పెర్ల్ రివర్‌లో ఆయన నడిపిన పరిశోధనల్లోంచి ప్రాణాలు నిలిపే మందులు వచ్చాయి. 1923లో భారతీయులు ఇక్కడ పౌరులు కావడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారింది, అదీ ఏడాదికి వందమందినే రానిస్తూ. 1948లో ఆయన పోయాడు. భార్య ఇక్కడికి రాలేదు, ఆయన తిరిగి వెళ్లలేదు.

మందుల పేర్లు పిల్లలు రాసుకోలేదు. “ఆవిడ ఏం చేసింది?” అని అడిగారు. సరైన ప్రశ్న అది.

ఇంట్లో అడగడానికి అయిదు ప్రశ్నలు రాయించి పంపాను.

మార్చి 30, ఉగాది

మామిడికాయ తరుగుతుంటే మా అమ్మాయి నోటుబుక్కు పట్టుకొచ్చింది. దానికి పదమూడేళ్లు. “మూడో ప్రశ్న అమ్మా. వచ్చిన కొత్తలో నువ్వు చేయాలనుకుని చేయలేకపోయింది ఏంటి?”

చెప్పేశాను. కాకినాడలో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. 2006లో వచ్చాను. ఉద్యోగి భార్యగా వచ్చిన నా వీసా మీద పని చేయడానికి అప్పట్లో చట్టం ఒప్పుకునేది కాదు. 2015 మే నెలలో నిబంధన మారి, గ్రీన్‌కార్డు వరసలో ఉన్న మాలాంటి వాళ్లకి అనుమతి వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్లు.

“ఆ తొమ్మిదేళ్లూ ఏం చేశావు?”

ఎనిమిదింటికి కిటికీలోంచి స్కూలు బస్సు చూసేదాన్ని. మా సందులో ఆరుగురు ఎక్కేవారు. రోజూ లెక్కపెట్టేదాన్ని. ఒకరు తగ్గితే, జ్వరమేమోనని మధ్యాహ్నం దాకా మనసు అక్కడే ఉండేది.

అది రాయడం ఆపేసింది. “నాకెందుకు చెప్పలేదు?” అంది. నువ్వు పుట్టింది ఆ రోజుల్లోనే తల్లీ, నీవల్లే ఆగిపోయాననుకుంటావేమోనని, అన్నాను. తరిగిన ముక్కలు ఒక్కొక్కటే గిన్నెలోకి తీస్తూ చాలాసేపు నా పక్కనే నిలబడింది.

ఏప్రిల్ 6, ఆదివారం

అటక మీద నుంచి పాత సూట్‌కేసు అమ్మాయీ నేనూ కలిసి దించాం. అడుగున నా బీఈడీ సర్టిఫికెట్టు, ప్లాస్టిక్ కవర్లో, మడత పడకుండా ఉంది. అదే ఇవాళ బడికి తీసుకెళ్లాను. “నేను తెచ్చింది ఇది” అని చూపించి, బస్సు సంగతి చెప్పాను.

తర్వాత హాజరు వేశాను. పదకొండుమందీ వచ్చారు.