అద్దంకి కళ్ళం నుంచి చెన్నై రేవు దాకా

మిరపకాయల బస్తా అద్దంకి పొలంలో మూతి కుట్టించుకున్నది మొదలు ఓడ ఎక్కేదాకా దాని వెంట ఏయే కాగితాలు నడుస్తాయో కళ్ళారా చూడాలని నాకు ఎన్నాళ్ళనుంచో ఉంది. ఈ ఫాల్గుణంలో మా బాబాయి తేజ రకం కాయలు గుంటూరు మిర్చి యార్డుకు వేస్తున్నాడని తెలిసి నేనూ బయల్దేరాను.

కళ్ళంలో బస్తాలు ఎత్తుతుండగా బాబాయి ఓ పాత డైరీ చూపించాడు. ఏ తేదీన ఏ మందు కొట్టాడో, ఎకరానికి ఎంత కలిపాడో, కోత ఎప్పుడు మొదలైందో అందులో ఉంది. అకాలవాన పడిన రాత్రి కాయల మీద పట్టాలు కప్పిన సంగతి, మర్నాడు ఎన్ని గంటలకు తీసి మళ్ళీ ఆరబోసిందీ ఉంది. 2021లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసినప్పటి నుంచి రాస్తున్నాడట.

"అప్పుడు దొరికిన మందల్లా కొట్టాం. ఏది పనిచేసిందో ఎవరికీ గుర్తు లేదు. అందుకే రాయడం పెట్టుకున్నా."

"యార్డులో ఇది చూపిస్తావా బాబాయ్?"

"అడిగితే కదరా చూపించేది!"

మేదరమెట్ల దగ్గర లారీ హైవే ఎక్కింది. అక్కణ్ణుంచి తిన్నగా తూర్పుకు పోతే మోటుపల్లి. ఒకప్పటి ఆ రేవులో, వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. గాలివానకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే ఆ సరుకును పాత రాజులు దోచుకునేవాళ్ళని, ఇకమీదట నిర్ణయించిన సుంకం, అంటే ముప్ఫయ్యో వంతు తప్ప ఏమీ తీసుకోమని అందులో రాయించాడు. కర్పూరం, పట్టు, ముత్యాలు, మిరియాలు లాంటి సరుకుల పేర్లు వరసగా ఉన్నాయి. అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యానికి పునాది వేసిన ప్రోలయ వేమారెడ్డి కొడుకు అనపోతారెడ్డి 1358లో అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ మరో శాసనం వేయించాడు. రేటు రాతిమీద ఉంటే వచ్చిన వర్తకుడూ సుంకం వసూలు చేసేవాడూ ఒకే లెక్క చూస్తారు. ఇప్పుడు కస్టమ్స్ కంప్యూటర్లతో చేయాలనుకుంటున్నదీ ఇదేనని నాకు అనిపిస్తుంది.

యార్డు చేరేసరికి బాగా రాత్రయింది. గేటు దగ్గర రైతు పేరు, బస్తాల లెక్క, కమీషన్ వ్యాపారి పేరు రాసుకుని లాటు నంబరు ఇచ్చారు. తెల్లారాక కొనేవాళ్ళు వచ్చారు. ఒకాయన బస్తా కోసి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజ గలగలమంది. ఒకటి విరిచి వాసన చూశాడు, తాలు ఎంత ఉందో కంటితోనే తేల్చాడు. ఆ చేతి నేర్పుకు దండం పెట్టాలి. కానీ ఆఖరి మందు ఎప్పుడు కొట్టారో, సరుకు వానకు తడిసిందో లేదో ఆ చేతికి తెలియదు. డైరీ సంచిలోనే ఉండిపోయింది.

సరుకు కొన్న ఎగుమతి వ్యాపారి నాకు పరిచయస్తుడే. కొన్నాళ్ళకు ఆయన షెడ్డుకు వెళ్ళాను. ఆడకూలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. అద్దంకి కాయ, పల్నాడు కాయ, ఖమ్మం కాయ రంగు కలిసేలా ఒకే గుట్టలో పడ్డాయి. అందులో తన కాయ ఏదో బాబాయి కూడా గుర్తుపట్టలేడు.

ఇది చిన్న విషయం కాదు. 2003లో భారత్ నుంచి వెళ్ళిన మిరప సరుకులో సుడాన్-1 అనే రంగు ఫ్రాన్స్‌లో బయటపడింది. తిండిలో వాడకూడని పారిశ్రామిక రంగు అది. పరీక్ష పత్రం లేని సరుకు మా రేవుల్లో దిగదని యూరోపియన్ యూనియన్ తేల్చిచెప్పింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఓ సాస్‌లో మళ్ళీ దొరికితే, ఆ సాస్ కలిసిన వందల రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సివచ్చింది. ఎవరు కలిపారో వెతకడానికి దారి లేకపోతే నింద మిరప పండించే ప్రతి ఊరి మీదా పడుతుంది. ఇప్పుడు ఎగుమతి సరుకు నమూనాలను స్పైసెస్ బోర్డు పరీక్షిస్తోంది. గుంటూరులోనే దాని ల్యాబ్ ఉంది. సుడాన్ లాంటి రంగులతో పాటు బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ కూడా చూస్తారు. అందులో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఒప్పుకోదు. పరీక్ష తప్పిన సరుకు ఏదో ల్యాబ్ చెప్పగలదు. ఏ కళ్ళంలో ఏ రాత్రి తడిసిందో చెప్పేది బాబాయి డైరీ లాంటి పుస్తకమే.

కంటైనర్ నిండింది. తలుపులు మూసి ఎలక్ట్రానిక్ సీలు వేశారు. 2017 నుంచి ఎగుమతిదారు తన గోదాములోనే ఈ సీలు వేసుకుని, దాని నంబరును కస్టమ్స్‌కు ఆన్‌లైన్‌లో తెలపవచ్చు. రేవులో దాన్ని యంత్రం చదువుతుంది. అన్నీ కలిస్తే సాధారణంగా పెట్టె విప్పరు. గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే సరిచూస్తున్నాడు. సరుకు కోడ్ 0904 21, అంటే దంచని ఎండుమిర్చి. పొడి అయితే 0904 22. ప్రపంచమంతా ఇవే అంకెలు. కాటా చీటీలో బరువు సరిపోయింది. సీలు నంబరు దగ్గరికొచ్చేసరికి ఆగాడు. సీలు మీద 6 ఉన్నచోట కంప్యూటర్లో 8 పడింది. డ్రైవర్ ఇంజిన్ ఆన్ చేసి హారన్ కొడుతున్నా, అది దిద్దేదాకా బండిని కదలనివ్వలేదు. అతని మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

అబద్ధపు కాగితం ఎంత దూరం వస్తుందో మనవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెండు కంటైనర్లలో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ పట్టుబడింది. కాగితాల మీద అది అఫ్గానిస్తాన్ టాల్క్ రాయి. తెప్పించుకున్న సంస్థ చిరునామా విజయవాడ. చెప్పిన సరుకు, బయల్దేరిన చోటు, కొనేవాడు ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని పంపే దేశం, దించుకునే దేశం అధికారులు సరిచూసుకోవాలంటే ముందు ఆ వివరం నిజమైనదై ఉండాలి, వేళకు చేతులు మారాలి.

కంటైనర్ వెనకాలే చెన్నై వెళ్ళాను. రేవు బయట టీకొట్టు దగ్గర క్లియరింగ్ ఏజెంటు కుర్రాడు కలిశాడు. నాయుడుపేటవాడు. యార్డు లాటు నంబర్లు ఈ సరుకుతో పాటు నడిపించలేమా అని అడిగాను.

"నడిపించొచ్చు అన్నా. యార్డు చీటీలో లాటు నంబరు ఉంటది, షెడ్డు పుస్తకంలో గుట్ట నంబరు ఉంటది. ఏ లాటు ఏ గుట్టలో పడిందో ఒక వరస రాస్తే చాలు. కానీ కొనేవాడు ఆర్డర్లోనే అడగాల. రాసిన రైతుకి క్వింటాకి ఇంతని ఎక్కువ రావాల. ఊరికే ఎవరు రాస్తారు చెప్పు?"

రైతుల దగ్గర నేరుగా కొనే కంపెనీలు ఇలాంటి లెక్కలు రాయిస్తూనే ఉన్నాయి. యార్డు మీదుగా పోయే సరుకుకే ఆ భాగ్యం లేదు. పెద్ద కంప్యూటర్ వ్యవస్థ వచ్చేదాకా ఆగక్కర్లేదు. యార్డు గేటు చీటీలో ఊరు, కోత తేదీ, ఆఖరి మందు తేదీ అని మూడు గళ్ళు పెంచి, ఆ గళ్ళు నిండిన లాటుకు వేలంపాటలో వేరే వరస పెట్టాలి. వచ్చే సీజన్ కాయ యార్డుకు రాకముందే మార్కెట్ కమిటీ ఈ పని చేయొచ్చు.